ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లొస్తోంది? గుండెజబ్బు నివారణలో పల్లె క్లినిక్ అడగని ప్రశ్న

క్లుప్తంగా: నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఇంటి గడప దాకా వచ్చాయి. తిండి సంగతి మాత్రం ‘ఉప్పు, నూనె తగ్గించండి’ అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. ఇంట్లో ఏ సరుకు ఎంత ఖర్చవుతోందో లెక్క అడిగి, ఒక విడతకు ఒక్క మార్పే చెప్పి, ఆ ఫలితాన్ని బీపీ అంకెతో సరిచూస్తే ఆహార సలహా కూడా మందులాగే పనిచేస్తుంది. కనిగిరి వైపు లాంటి కిడ్నీ సమస్యలున్న ప్రాంతాల్లో మాత్రం కొన్ని సలహాలు ఇచ్చే ముందు రక్తపరీక్ష తప్పనిసరి.

పేదింటి జబ్బు ఎలా అయింది

గుండెజబ్బు పట్నం జబ్బనీ, డబ్బున్నవాళ్ల జబ్బనీ ఇంకా చాలామంది అనుకుంటున్నారు. 2006లో వెలువడిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనమే అది నిజం కాదని తేల్చింది. గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో, సుమారు లక్షా 80 వేల జనాభాలో ఒక ఏడాది జరిగిన మరణాలకు కారణాలు ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని తేలింది. అంటువ్యాధులు బాగా వెనకబడ్డాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెలువరించిన ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది.

పేదింట్లో ఈ జబ్బు రెండు వైపుల నుంచి వస్తుంది. బీపీకి నొప్పి ఉండదు కాబట్టి కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి వెళ్లరు. చాలా ఇళ్లలో మొదట తెలిసేది పక్షవాతం వచ్చాకే. రెండోది తిండి. చేతిలో ఉన్న డబ్బుకు కడుపు నిండా వచ్చేది అన్నమే. కూర తక్కువైనప్పుడు ఆ అన్నాన్ని లోపలికి దించేది ఊరగాయో, ఉప్పుచేపో, కారంగా నూరిన పచ్చడో. కూర ఎంత తగ్గితే ఉప్పు అంత పెరుగుతుంది. అందుకే వాళ్లకు ఉప్పు తగ్గించమని మాత్రమే చెబితే సగం మాటే చెప్పినట్టు.

ఉప్పుకు లెక్క ఉంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తలకొట్టిన ఒక టీస్పూను. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రాన్ని సేకరించి కొలిచినప్పుడు సగటు 9.46 గ్రాములు వచ్చింది. ఈ ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి. ఇంచుమించు రెట్టింపు.

ఉప్పులోని సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. రక్తం పరిమాణం పెరుగుతుంది, నాళాల గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే గోడలు గట్టిపడతాయి, గుండె కండరం మందమవుతుంది. ఆకుకూరలు, పండ్లు, పప్పుల్లోని పొటాషియం సోడియాన్ని మూత్రంలో బయటికి పంపేందుకు సాయపడుతుంది. పేదింటి కంచంలో సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ. రెండు దెబ్బలూ ఒకేసారి పడుతున్నాయి.

ఉప్పు తగ్గిస్తే ఎంత లాభమో కూడా తెలుసు. రోజుకు 4.4 గ్రాములు తగ్గించినప్పుడు, బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 5.4 పాయింట్లు దిగిందని 2013లో పలు ప్రయోగాలను కలిపి చేసిన సమీక్ష తేల్చింది. మన సగటు 9.46 నుంచి 5కు రావడమంటే దాదాపు అంతే తగ్గింపు. ఒక మనిషికి ఐదు పాయింట్లు చిన్నగా కనిపిస్తాయి. ఊరు మొత్తానికి దిగితే పక్షవాతాలు తగ్గుతాయి.

ఇంట్లో దీన్ని కొలవడానికి తూకం అక్కర్లేదు. కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు తేదీని పెన్నుతో ప్యాకెట్ మీదే రాసి, అయిపోయిన రోజు చూసుకుంటే చాలు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు. కిలో 50 రోజులు రావాలి. 9.46 గ్రాముల చొప్పున అయితే 26 రోజులకే అయిపోతుంది. పైగా ఊరగాయలో, బజారు తిండిలో ఉండే ఉప్పు ఈ ప్యాకెట్ లెక్కలోకి రాదు. కాబట్టి నలుగురి ఇంట్లో ప్యాకెట్ నెల తిరక్కుండానే ఖాళీ అయితే వాడకం హద్దు దాటిందనే అర్థం. రెండు నెలలకు దగ్గరగా వస్తే దారిలో పడినట్టు.

ఈ లెక్కలో ఒక పొరపాటు దొర్లుతుంది. సముద్రతీర గ్రామాల్లో, చెరువు చేప కొనే ఇళ్లలో చేప ముక్కల జిగురు, నీచు పోవడానికి గుప్పెడు ఉప్పు వేసి రుద్ది కడుగుతారు. అది కడుపులోకి పోదు. ‘కడగడానికి వేరే ఉప్పు వాడతారా, ఇదేనా’ అని అడగకుండా లెక్క వేస్తే ఆ ఇంటి వాడకం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కడగడానికి రాళ్లుప్పు విడిగా పెట్టుకోమంటే చిక్కు తీరుతుంది.

రాళ్లుప్పు గురించి ఇంకో మాట. ఇస్కపల్లి లాంటి చోట్ల ఉప్పు కొఠార్లు దగ్గరే ఉన్నాయి కాబట్టి అక్కడి రాళ్లుప్పు మంచిదని కొందరు వంటకూ వాడతారు. సైంధవ లవణం గురించీ ఇలాంటి నమ్మకమే ఉంది. రెండిట్లోనూ ఉండేది ప్రధానంగా సోడియం క్లోరైడే. బీపీకి ఏ మేలూ ఉండదు. అయోడిన్ కలపని ఉప్పయితే థైరాయిడ్ సమస్య అదనం.

ఊరగాయ, ఉప్పుచేప

కిలో మామిడి ముక్కలకు 200 గ్రాముల చొప్పున ఉప్పు, కారం, ఆవపిండి, 400 గ్రాముల నూనె పడితే ఆవకాయ మొత్తం రెండు కిలోలు. అందులో పదో వంతు ఉప్పు. అన్నంలో కలుపుకునే 20 గ్రాముల ఆవకాయతో 2 గ్రాముల ఉప్పు వచ్చేస్తుంది. ఉదయం చద్దన్నంలో, మధ్యాహ్నం పొలం దగ్గర క్యారేజీలో, రాత్రి మజ్జిగన్నంలో మూడుసార్లు నంజుకుంటే 6 గ్రాములు. కూరలో చిటికెడు ఉప్పు వేయకముందే రోజు కోటా దాటిపోయింది. ఊరగాయ మానేయమంటే ఎవరూ మానరు. మూడుసార్లను ఒకసారి చేయమంటే చేస్తారు. మిగిలిన రెండుపూటలా నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, కాల్చిన వంకాయ పచ్చడి, పుల్లటి మజ్జిగ ఉండనే ఉన్నాయి. పులుపు, కారం, వెల్లుల్లి, వేయించిన జీలకర్ర పెరిగేకొద్దీ నాలుకకు ఉప్పు లోటు తెలియదు.

ఎండు చేపల్లో తేడా గమనించాలి. పెద్ద చేపను చీల్చి ఉప్పు పట్టించి ఎండబెడతారు. నెత్తళ్ల లాంటి చిన్న చేపలు చాలావరకు ఉప్పు లేకుండానే ఎండుతాయి. రెంటినీ ‘ఎండు చేపలు’ అనే ఒక్క పేరుతో నిషేధిస్తే, పేదింటికి చవగ్గా దొరికే మాంసకృత్తులు, కాల్షియం పోతాయి. ఉప్పు పట్టని నెత్తళ్లు తినవచ్చనీ, ఉప్పుచేప అయితే వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి అలాగే చేసి, ఆ కూరలో ఇక ఉప్పు వేయవద్దనీ చెప్పాలి. కొనేటప్పుడు చేప మీద తెల్లటి పొర ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఎండలో పనిచేసేవాళ్లకు ఉప్పు ఎక్కువ కావాలన్న వాదన ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. కొట్టిపారేయదగ్గది కాదు. చెమటలో ఉప్పు పోతుంది. ఎండకు అలవాటుపడిన ఒంటికి మాత్రం చెమటలో ఉప్పును పొదుపు చేసుకునే గుణం ఉంది. కాబట్టి మామూలు రోజుల్లో భోజనంలోని ఉప్పే సరిపోతుంది. రోహిణీ కార్తె ఎండల్లో, మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్ర వాడుతూ రోజంతా పనిచేసే మనిషి సంగతి వేరు. కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం ఉంటే ఆ మనిషికి ఓఆర్‌ఎస్ ఇచ్చి, మాత్ర మోతాదు డాక్టరు చేత చూపించాలి. ఈ మినహాయింపును ముందే చెబితే మిగతా సలహా మీద నమ్మకం కుదురుతుంది.

స్టోరు బియ్యం, పప్పు, నూనె

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల కంచానికి ఒక నమూనా ఇచ్చింది. రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్లు, చేప, మాంసం 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు.

దీన్ని రేషన్ సంచీ పక్కన పెట్టి చూడాలి. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, అంటే రోజుకు 167 గ్రాములు. ధాన్యంలో మూడింట రెండు వంతులు ఉచితంగానే అందుతోంది. పప్పు సంగతి అలా కాదు. కార్డుకు కిలో కందిపప్పు ఇచ్చిన నెలలో కూడా నలుగురికి పంచితే మనిషికి రోజుకు 8 గ్రాములే. కావలసింది 85. ఈ తేడాను సొంత డబ్బుతో పూడ్చుకోలేని ఇల్లు బియ్యంతోనే కడుపు నింపుకుంటుంది. పాలిష్ పట్టిన బియ్యం త్వరగా అరిగి రక్తంలో చక్కెరను ఎగదోస్తుంది. ఖర్చు కాకుండా మిగిలిన శక్తిని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగి, మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది. సన్నగా ఉండి పొట్ట మాత్రం వచ్చిన మనిషి రక్తపరీక్షలో తరచూ కనిపించేది ఇదే.

అలాగని కూలి మనిషికి ‘అన్నం తగ్గించు’ అని చెబితే ఆకలి తప్ప ఇంకేమీ మిగలదు. ముందు ఒకటి కలపాలి, ఆ తరవాతే అన్నం తగ్గించాలి. ప్రకాశం మెట్టలో కందులు, శనగలు బాగా పండుతాయి. ఉలవలు, అలసందలు, పెసలు సంతలో విడిగా దొరుకుతాయి. నానబెట్టిన గుప్పెడు శనగలు లేదా ఉలవల గుగ్గిళ్లు సాయంత్రం పూట తింటే రాత్రి అన్నం దానంతటదే ఒక గరిటె తగ్గుతుంది. మునగాకు, తోటకూర, పొన్నగంటి కూర, గంగవాయల కూర డబ్బు పెట్టకుండా దొరికే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. పండ్లు తినమంటూ యాపిల్ పేరెత్తడం కంటే జామకాయ అంటే పని జరుగుతుంది.

నూనె విషయంలో సలహా తరచూ తప్పు దారి పడుతోంది. మనిషికి 27 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. చాలా పేద ఇళ్లలో అంత నూనె కొననే కొనరు. వాళ్లకు నూనె తగ్గించమని చెప్పడం అర్థంలేని పని. అక్కడ చూడాల్సింది ఏ నూనె, ఎక్కడి వేపుడు అన్నది. పామాయిల్‌లో సంతృప్త కొవ్వు సగానికి దగ్గరగా ఉంటుంది, వేరుశనగ నూనెలో ఐదో వంతుకు మించదు. ఇక బడ్డీకొట్టు బజ్జీలు, బోండాల మూకుడులో నూనె రోజుల తరబడి మరుగుతూనే ఉంటుంది. నూనె పదేపదే మరిగినప్పుడు పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడరాదని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018లోనే నిబంధన పెట్టింది. నూనె నల్లబడి, నురగ కట్టి, త్వరగా పొగలు వస్తుంటే ఆ హద్దు దాటిందనుకోవచ్చు. పల్లె బడ్డీల దాకా ఆ తనిఖీ రావడం కష్టం కాబట్టి ఆ సంగతి జనానికే తెలియాలి.

క్లినిక్‌లో ఎక్కడ జారిపోతోంది

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ ఫారంలో (బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పును ఊళ్లోనే అంచనా వేసే పత్రం) ముప్పును అంచనా వేసే మార్కుల ప్రశ్నలు ఆరు: వయసు, పొగాకు, మద్యం, నడుం చుట్టుకొలత, శారీరక శ్రమ, కుటుంబంలో జబ్బులు. నాలుగు మార్కులు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. ఈ ఆరింట్లో తిండి గురించి ఒక్క ప్రశ్న లేదు. అడగనిది రికార్డులోకి ఎక్కదు, రికార్డులో లేనిదాన్ని మరుసటి నెల ఎవరూ పట్టించుకోరు. విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త) నోటిమాటగా చెప్పే సలహా కార్డు మీద ఎక్కడా కనిపించకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

దీనికి పెద్ద ఫారం అక్కర్లేదు. బీపీ కార్డు వెనక మూడు గళ్లు చాలు: ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులు వచ్చింది, ఊరగాయ లేదా ఉప్పుచేప రోజుకు ఎన్నిసార్లు, వారంలో ఎన్ని రోజులు పప్పు, ఆకుకూర. ముందు నెల అంకె పక్కన ఈ నెల అంకె పడితే, దాని పక్కన బీపీ ఉంటే, మార్పు జరిగిందో లేదో ఇద్దరికీ కనిపిస్తుంది.

సలహా చేరాల్సిన మనిషికి చేరకపోవడం ఇంకో లోపం. 104 వాహనం దగ్గర బీపీ చూపించుకునేది ఇంటాయన, వంట చేసేది ఇంటావిడ. ఆయన ఇంటికెళ్లి చెప్పే మాట ‘నాకు చప్పిడి కూడు పెట్టమన్నారు’ అనే. రోగికి విడిగా చప్పిడి కూర వండటం ఒక వారం సాగుతుంది, తరవాత విసుగొస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే కూరలో నాలుగో వంతు ఉప్పు తగ్గించి, నాలుక దానికి అలవాటుపడ్డాక మరో నాలుగో వంతు తగ్గించడం నిలబడే పద్ధతి. నాలుక అలవాటుపడటానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పకపోతే మొదటి వారంలోనే మానేస్తారు.

కొలతలోనూ జాగ్రత్త కావాలి. నడిచి వచ్చిన మనిషిని వెంటనే కూర్చోబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి చూస్తే బీపీ తప్పుగా వస్తుంది. ఐదు నిమిషాలు ఆనుకుని కూర్చోవాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, అంతకు అరగంట ముందు బీడీ, టీ, కాఫీ ఉండకూడదు. రెండుసార్లు చూసి సగటు రాయాలి. తప్పుడు అంకెతో తిండి మార్పు ఫలితాన్ని తేల్చలేరు. బీపీ దిగిందని రోగి సొంతంగా మాత్ర ఆపేయకుండా ప్రతిసారీ చెప్పాలి. తిండి మాత్రకు తోడు, దానికి బదులు కాదు.

కనిగిరి వైపు ఒక హెచ్చరిక

చైనాలో 600 గ్రామాల్లో 20,995 మందితో జరిగిన ప్రయోగంలో మామూలు ఉప్పుకు బదులు 25 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయని 2021లో ఫలితాలు వచ్చాయి. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి తక్కువ సోడియం ఉప్పును సిఫారసు చేసింది. రుచి పెద్దగా మారదు, వంట పద్ధతి మారదు, కాబట్టి ఇది అన్నింటికంటే తేలికైన మార్గంగా కనిపిస్తుంది.

ఆ సిఫారసులోనే ఒక మినహాయింపు ఉంది: కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు ఇది వర్తించదు. ఉమ్మడి ప్రకాశం పడమటి మెట్టలో ఈ మినహాయింపే ముఖ్యం. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం ప్రాంతాల్లో తాగునీటిలో ఫ్లోరైడ్ దశాబ్దాల సమస్య. ఎముకలు, కీళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మందుల షాపులో చెప్పి కొనుక్కుని మింగడం అలవాటైపోయింది. ఆ మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. ఈ ప్రాంతంలో కిడ్నీ రోగుల సమస్య తెలిసిందే. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు. రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పి ప్రాణం మీదకు వస్తుంది. బీపీకి వాడే టెల్మిసార్టాన్, ఎనాలప్రిల్, స్పైరనోలాక్టోన్ మందులు కూడా పొటాషియాన్ని పెంచేవే.

కాబట్టి ఇక్కడ తక్కువ సోడియం ఉప్పును ఊరంతటికీ పంచే ఆలోచన చేయకూడదు. ముందు కిడ్నీ పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష, ఏ మాత్రలు వాడుతున్నారో విచారణ. అవన్నీ సరిగ్గా ఉన్న ఇంటికే ఆ ఉప్పు. అదే ఇంట్లో ఒక్కరికి కిడ్నీ సమస్య ఉన్నా వంట ఒక్కటే కాబట్టి మామూలు అయోడిన్ ఉప్పునే తగ్గించి వాడటం క్షేమం. నొప్పి మాత్రల సంగతి అడగడం ఇక్కడ ఉప్పు సంగతి అడగడంతో సమానమైన పని.

వేరే చోట్ల ఏం తేలింది

అమెరికాలో కొన్ని ఆరోగ్య కేంద్రాలు పేద రోగులకు మందుల చీటీతో పాటు కూరగాయలు, పండ్లు కొనుక్కునే కూపన్లు ఇస్తున్నాయి. అలాంటి తొమ్మిది కార్యక్రమాల ఫలితాలను కలిపి 2023లో ప్రచురించినప్పుడు, బీపీ ఉన్న పెద్దవాళ్లలో పై అంకె 8 పాయింట్లకు పైగా దిగింది. అయితే పోల్చి చూడటానికి కూపన్లు అందని బృందం అందులో లేదు. అదే ఏడాది చివర్లో, షుగర్ రోగులకు ఉచితంగా ఆహారం, డైటీషియన్ సలహా ఇచ్చి పోల్చిచూసిన మరో ప్రయోగంలో, మూడు నెలల చక్కెర సగటు సరుకులు అందినవాళ్లలోనూ అందనివాళ్లలోనూ దాదాపు సమానంగానే తగ్గింది. సరుకులిచ్చినంత మాత్రాన ఫలితం ఖాయం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియాలో 1972లో మొదలైన కార్యక్రమం దారి వేరు. నర్సులు బీపీ చూశారు, మహిళా సంఘాలు వంట మార్చాయి, పాల డెయిరీలు, మాంసం తయారీదారులు సరుకులో కొవ్వు, ఉప్పు తగ్గించారు. పనిచేసే వయసు మగవాళ్లలో గుండెపోటు మరణాలు కొన్ని దశాబ్దాల్లో 80 శాతానికి పైగా తగ్గాయి. క్లినిక్, వంటిల్లు, దుకాణం మూడూ కలిసి కదలడం అక్కడి విశేషం. మనకు ఇది కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకునే తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు, 1993 నాటికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పొదుపు సంఘాల బలం ఈ జిల్లాలో ఇప్పటికీ ఉంది. నెల సమావేశంలో ఉప్పు ప్యాకెట్ తేదీలు చూసుకోవడం, శనగలు, ఉలవలు టోకున కలిసి కొనడం వాళ్లకు అసాధ్యం కాదు. ఆహార భద్రత చట్టంలో చిరుధాన్యాలకూ చోటు ఉంది కాబట్టి బియ్యంలో కొంత భాగానికి బదులు రాగులో జొన్నలో ఇవ్వమని ఆ సంఘాలు అడగవచ్చు.

లెక్కలోకి రానివాళ్లు

పైన చెప్పినదంతా రికార్డులో పేరున్నవాళ్లకే. రాష్ట్రంలో యానాదులు ఎక్కువగా ఉన్నది నెల్లూరు జిల్లాలో. వాళ్లలో చాలా కుటుంబాలు ఇటుక బట్టీలకూ, రొయ్యల చెరువుల కాపలాకూ నెలల తరబడి కాలనీ వదిలి వెళతాయి. ఆ నెలల్లో వాళ్లు సొంత ఊరి ఏఎన్ఎం జాబితాలో ‘ఇంట్లో లేరు’, బట్టీ ఉన్న ఊరి జాబితాలో అసలే లేరు. దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచు గూడేలకు దూరమే అడ్డు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసే వలస కూలీలకు ఇక్కడ రేషన్ కార్డూ లేదు, బీపీ కార్డూ లేదు.

వీళ్లకు పగటిపూట ఇంటింటి సర్వే పనిచేయదు. బట్టీలో కూలి ఇచ్చే రోజు సాయంత్రం, చేపల రేవులో వలలు దించాక, క్వారీలో షిఫ్టు మారే వేళ బీపీ మిషన్ అక్కడికి వెళ్లాలి. ఆధార్‌తో ముడిపడిన ఆరోగ్య ఖాతా ఉంటే ఏ ఊళ్లో చూసినా అంకె ఒకే చోట పడుతుంది, ఒకేసారి రెండు నెలల మాత్రలు చేతికిస్తే మధ్యలో ఆగిపోవు. రేషన్‌ను ఏ ఊళ్లోనైనా తీసుకునే వీలు దేశమంతటా ఉంది. ఆ సంగతి బట్టీ కూలీకి చెప్పి, వేలిముద్ర పడని చోట దగ్గరుండి సరిచేయించడం కూడా ఆరోగ్య కార్యకర్త పనిలో భాగమే అవుతుంది. బట్టీ దగ్గర వారానికోసారి సరుకులు అప్పు ఇచ్చే కొట్టులో ఏమేం దొరుకుతాయో ఒకసారి చూస్తే, ఆ కుటుంబాలకు ఏ సలహా ఇవ్వచ్చో, ఏది ఇవ్వకూడదో అక్కడే తేలిపోతుంది. కొట్టులో పప్పు లేకుండా ఊరగాయ ప్యాకెట్లు, మిక్చరు మాత్రమే వేలాడుతుంటే, ముందు మాట్లాడాల్సింది రోగితో కాదు, బట్టీ యజమానితో.